వ్యాపారంలో నిలబడేవాళ్ల మనస్తత్వం: పరీక్ష పెట్టి ఎంచాలా, శిక్షణలో నేర్పాలా?

శిక్షణగది
అందరికీ నమస్కారం. కొత్తగా యూనిట్ పెట్టబోయే 30 మందికి ఆరు రోజుల శిక్షణ తయారవుతోంది. ఎక్కువమంది తినుబండారాల వైపు వాళ్లే: గానుగ నూనె, పచ్చళ్లు, కారప్పొడులు, చిరుధాన్యాల బిస్కెట్లు. పద్దులు, లైసెన్సులు, బ్యాంకు కాగితాలు వేరేవాళ్లు చెబుతారు. మనస్తత్వానికి సంబంధించిన భాగం గురించే ఇక్కడ అడుగుతున్నాను. దరఖాస్తుల దశలోనే వ్యక్తిత్వ పరీక్ష పెట్టి "వ్యాపార లక్షణాలు" ఉన్నవాళ్లనే తీసుకోమని ఒక సలహా వచ్చింది. అందులో పస ఎంత? రెండోది, ధైర్యం కావాలి, పట్టుదల కావాలి అని ఉపన్యాసం ఇస్తే వినేవాళ్లు తలూపి ఇంటికెళ్తారు. గదిలో కూర్చోబెట్టి చేయించగలిగే అభ్యాసాలు కావాలి. సామాను ఏంటి, ఎంతసేపు పడుతుంది, ఎక్కడ బెడిసికొడుతుంది, ఇవన్నీ చెప్పగలిగితే మేలు.

సర్వేరాయి
మొదటి ప్రశ్నకి సూటిగా చెబుతాను: పరీక్ష పెట్టి వడపోయకండి.

ఈ విషయం మీద విడివిడి అధ్యయనాలన్నీ పోగుచేసి లెక్కకట్టిన పని జావో, సైబర్ట్‌లది. 2006లో వాళ్లు సొంత వ్యాపారం నడిపేవాళ్లని, జీతానికి మేనేజర్లుగా పనిచేసేవాళ్లని పోల్చారు. వ్యాపారుల్లో పని మీద శ్రద్ధ, కొత్తదనం పట్ల ఆసక్తి ఎక్కువగా కనిపించాయి. ఆందోళన, ఎదుటివారికి సర్దుకుపోయే గుణం తక్కువ. కలుపుగోలుతనంలో తేడా ఏమీ తేలలేదు. గలగలా మాట్లాడేవాడే వ్యాపారానికి పనికొస్తాడన్న మన ఊళ్ల నమ్మకానికి అక్కడే గండి పడింది.

2010లో లంప్కిన్‌తో కలిసి ఇంకో ప్రశ్న వేశారు. ఈ లక్షణాలు వ్యాపారం పెట్టాలన్న కోరికని ఎంత చెబుతాయి, పెట్టాక ఫలితాన్ని ఎంత చెబుతాయి అని. ఐదు లక్షణాలూ కలిపితే ఫలితంతో సంబంధం 0.31 వచ్చింది (సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పూర్తి సంబంధం). దాన్ని వర్గం చేస్తే 0.1కి కాస్త తక్కువ. అంటే ఒకరి ఫలితానికీ ఇంకొకరి ఫలితానికీ ఉన్న తేడాలో పదో వంతు కూడా వ్యక్తిత్వం చెప్పలేకపోయింది. మిగతా తొమ్మిది వంతులు వేరే చోట ఉన్నాయి: పెట్టుబడి, గిరాకీ, అనుభవం, ఇంటి పరిస్థితి, అదృష్టం.

అదే పరిశీలనలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. రిస్కు తీసుకునే స్వభావం వ్యాపారంలోకి దిగాలన్న ఉద్దేశంతో ముడిపడింది కానీ పెట్టాక వచ్చే ఫలితంతో ముడిపడలేదు. తెగువ ఉన్నవాళ్లు ఎక్కువగా దిగుతారు. దిగినవాళ్లలో బాగా నడిపేది వాళ్లేనని చెప్పడానికి ఆధారం దొరకలేదు.

ఇక ఆచరణలో ఇబ్బంది: లోను, సబ్సిడీ, సీటు ఆ పరీక్ష మీదే ఆధారపడ్డాయని తెలిస్తే "నాకు పట్టుదల ఎక్కువ" అన్న గడిలో ప్రతి ఒక్కరూ ఐదుకి ఐదు వేస్తారు. రెండో బ్యాచ్ వచ్చేసరికి జవాబులు ఊరంతా తెలిసిపోతాయి.

ఉప్పుటేరు
సర్వేరాయి గారితో ఏకీభవిస్తూ, అసలు ఈ ప్రశ్నకి జవాబు వెతికిన తొలి పెద్ద ప్రయత్నం మన గడ్డ మీదే జరిగిందని గుర్తుచేయాలి. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్, ఆయనతో డేవిడ్ వింటర్, 1964లో కాకినాడ వ్యాపారుల మీద చేసిన ప్రయోగం అది. అప్పటికి ఊరి జనాభా లక్ష పైచిలుకు. కాకినాడ నుంచి 52 మంది వ్యాపారుల్ని, చిన్న పరిశ్రమల వాళ్లని ఎంచి, బ్యాచ్‌లుగా హైదరాబాదులోని సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకి తీసుకెళ్లి పది రోజుల చొప్పున అక్కడే ఉంచి శిక్షణ ఇచ్చారు. యూసఫ్‌గూడలో ఇప్పుడు నిమ్స్‌మే అని పిలిచే సంస్థ అదే. పోల్చడానికి రాజమండ్రిని తీసుకున్నారు.

నేర్పింది పద్దులూ కాదు, అమ్మకాలూ కాదు. సాధన ప్రేరణ. అంటే నిన్నటికంటే మెరుగ్గా చేయాలన్న తపన, ఆ మెరుగుని కొలుచుకునే అలవాటు. ఆ తర్వాత రెండేళ్లలో కొత్త పెట్టుబడి, కొత్త యూనిట్, కొత్త ఉద్యోగాలు లాంటి చెప్పుకోదగ్గ వ్యాపార చర్య తీసుకున్నవాళ్లు శిక్షణ పొందినవారిలో సుమారు సగం మంది. పొందనివారిలో పావు వంతు. శిక్షణకి ముందు రెండు గుంపులూ దాదాపు ఒకే స్థాయిలో ఉన్నాయి.

అక్కడ తేలిన ఇంకో రెండు సంగతులు శిక్షణగది గారికి నేరుగా పనికొస్తాయి. సంప్రదాయ ఆచారాలు, పూజలు, పాతకాలపు కట్టుబొట్టు వ్యాపార చొరవకి అడ్డం కాలేదు. రెండోది, సొంత వ్యాపారంలో నిర్ణయం తన చేతిలో ఉన్నవాళ్ల మీదే శిక్షణ బాగా పనిచేసింది. నాన్నగారో అన్నగారో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే, శిక్షణ పొంది వచ్చిన తమ్ముడు ఏం చేయగలడు? కాబట్టి దరఖాస్తులో ఏదైనా అడగాలనుకుంటే వ్యక్తిత్వం అడక్కండి. "5,000 రూపాయల కొనుగోలు మీరు ఎవరినీ అడక్కుండా చేయగలరా?" అని అడగండి.

చేవఉన్నచెక్క
ఇద్దరూ లక్షణాల్ని మరీ తేలిగ్గా తీసిపారేస్తున్నారు. పదో వంతు చిన్నదేం కాదు. ఒకే ఒక్క అంశం అంత చెప్పగలగడం ఈ రంగంలో అరుదు. పైగా పని స్వభావానికి దగ్గరగా ఉండే లక్షణాలు తీసుకుంటే సంబంధం ఇంకా గట్టిగా ఉంటుంది. రౌష్, ఫ్రేసె 2007లో చేసిన సమీక్షలో ఇవి పైకి తేలాయి: ఈ పని చేయగలనన్న నమ్మకం, ఎవరో చెప్పకముందే కదిలే చొరవ, సాధన ప్రేరణ, కొత్తగా చేసే గుణం, ఒత్తిడి తట్టుకోవడం, స్వతంత్రంగా ఉండాలన్న కోరిక. రిస్కు మీద మాత్రం పరిశోధకుల మధ్యే గొడవ ఉంది. 2001లో ఒక సమీక్ష వ్యాపారులకి రిస్కు మొగ్గు ఎక్కువంది. 2004లో ఇంకొకటి సరిగ్గా తిరగేసి చెప్పింది.

నా వాదన ఏంటంటే, వడపోతకి వద్దు సరే, శిక్షణ మొదటి రోజున ఎవరికి వాళ్లు తమని తాము చూసుకోవడానికి ప్రశ్నావళి పెట్టండి. కాగితం వాళ్ల దగ్గరే ఉంటుంది, మీరు తీసుకోరు. శ్రద్ధ తక్కువగా వచ్చిన మనిషి పద్దు రాసే పని చెల్లెలికో నమ్మకమైన పనివాడికో అప్పగించాలని అప్పుడే నిర్ణయించుకోవచ్చు.

సర్వేరాయి
కాగితం వెనక్కి తీసుకోకపోతే అభ్యంతరం లేదు. మంచి ఉపయోగమే.

ఉప్పుటేరు
రెండో ప్రశ్నకి వస్తాను. కాకినాడ శిక్షణలో వాడిన రెండు అభ్యాసాలు ఇప్పటికీ నిలిచాయి.

మొదటిది రింగులాట. ఒకటిన్నర అడుగుల కర్ర నేలలో పాతాలి, గది అయితే చెక్క దిమ్మెకి బిగించాలి. అక్కణ్నుంచి అడుగుకో గీత చొప్పున 15 గీతలు గీయాలి. జానెడు వెడల్పు తాడు రింగులు ఐదు. ఎక్కడ నిలబడి వేయాలో ఎవరిష్టం వాళ్లది. మొదటి వరస ఐదు రింగులు రాసేవాడు తప్ప ఎవరూ చూడకుండా. రెండో వరస అందరి ముందూ. మూడో వరసలో వేసే ముందే "ఐదింటిలో ఎన్ని పడతాయి" అని చెప్పి వేయాలి. ప్రతి రింగుకీ మూడు అంకెలు రాయండి: ఏ గీత, పడిందా లేదా, తర్వాతి రింగు ఏ గీత. 30 మందికి తలా 15 రింగులంటే 450. రింగుకి అర నిమిషం వేసుకున్నా ఒక్క కర్రతో నాలుగు గంటలకి దగ్గరవుతుంది. మూడు కర్రలు పెట్టండి, గంటంపావులో తేలిపోతుంది.

కొందరు రెండో అడుగు దగ్గరే నిలబడి అన్నీ వేసేస్తారు. కొందరు పద్నాలుగో అడుగు నుంచి విసిరి, పడితే చప్పట్లు కొట్టించుకుంటారు. సాధన ప్రేరణ ఉన్నవాళ్లు మధ్యలో, మూడింటికి ఒకటి నుంచి రెండింటికి ఒకటి పడే దూరం ఎంచుకుంటారు. అట్కిన్సన్ 1957లో దీనికి లెక్క ఇచ్చారు. నెగ్గే అవకాశాన్ని, నెగ్గితే కలిగే తృప్తితో గుణించాలి. పని ఎంత కష్టమైతే తృప్తి అంత ఎక్కువ. అవకాశం 0.9 అయితే తృప్తి 0.1, గుణిస్తే 0.09. అవకాశం 0.1 అయినా అదే 0.09. 0.5 దగ్గర 0.25. ఆ మధ్య దూరంలోనే ప్రయత్నానికి ఎక్కువ విలువ, నేర్చుకునేదీ అక్కడే.

నిలబడిన దూరంతో పాటు, తప్పిన తర్వాతి రింగు ఎక్కణ్నుంచి వేశారన్నదీ చూడండి. రెండు తప్పాక ఒక అడుగు ముందుకి జరిగిన మనిషి ఫలితాన్ని వాడుకుంటున్నాడు. తప్పిన కొద్దీ వెనక్కి జరిగేవాడు పోయినదంతా ఒక్క దెబ్బతో రాబట్టాలని చూస్తున్నాడు. చేతిలో సరుకు ఉన్నప్పుడూ ఇదే చేస్తాడు, అప్పు మీద అప్పు చేసి.

బెడిసికొట్టేది మూడు చోట్ల. "మధ్య దూరమే సరైనది" అని ముందే నోరు జారితే ఆట అక్కడితో ముగిసినట్టే. బహుమతి పెద్దది పెడితే లాటరీ అవుతుంది, ఐదు రూపాయల పెన్ను చాలు. చర్చని "ఎవరు బాగా విసిరారు" అన్న దానిమీదికి పోనిచ్చినా లాభం లేదు. "మీ మొదటి నెల అమ్మకం లక్ష్యం ఎన్నో గీత?" అని అడిగి, ఆ అంకె అక్కడికక్కడే రాయించండి.

రెండోది బొమ్మ చూసి కథ రాయడం. ఒక పనివాడు యంత్రం ముందు, ఒకావిడ బల్ల దగ్గర కాగితాలతో, ఇలాంటి నాలుగు బొమ్మలు. ఒక్కోటి 20 సెకన్లు చూపించి ఐదు నిమిషాలు రాయించాలి: ఏం జరుగుతోంది, ముందేం జరిగింది, ఆ మనిషికి ఏం కావాలి, చివరికి ఏమవుతుంది. రాయడం అలవాటు లేనివాళ్లు పక్కవాళ్లకి చెబితే వాళ్లు రాస్తారు. తర్వాత తమ కథలకి తామే మార్కులు వేసుకోవడం నేర్పాలి. "అతను ధనవంతుడు కావాలనుకుంటున్నాడు" అన్న వాక్యానికి సున్నా. "కిందటేడు కంటే తక్కువ తరుగుతో పొడి పట్టాలని మిల్లు జల్లెడ మారుస్తున్నాడు" అన్నదానికి మార్కు ఉంది, ఎందుకంటే అందులో ఒక కొలత ఉంది, దాన్ని అందుకోవడానికి ఒక పని ఉంది. అడ్డంకి రాస్తే ఇంకో మార్కు, ఎవరి సాయం అడగాలో రాస్తే ఇంకోటి. రెండో పూటకి వాళ్ల కథలు మారడం కళ్లెదుటే కనిపిస్తుంది. మెక్లెలాండ్ నమ్మకం ఇదే: ఆలోచన ఏ మాటల్లో నడుస్తుందో, పని ఆ దారి పడుతుంది.

శిక్షణగది
రింగులాట మొదటి రోజే పెడతాను. ఇంకో సందేహం. మధ్యస్థమైన రిస్కు అంటున్నారు సరే, డబ్బులో అది ఎంత? 8 లక్షల యూనిట్ పెట్టాలనుకునే వాళ్లకి ఎలా లెక్క చెప్పాలి?

పద్దుపుస్తకం
దీనికి సరస్ సరస్వతి గారి పని చూడండి. మన దేశంలో పుట్టి అమెరికాలో ఆచార్యులైనావిడ. పెద్ద కంపెనీలు కట్టిన 27 మంది అనుభవజ్ఞుల ముందు ఒకే ఊహా వ్యాపారం పెట్టి, పైకి మాట్లాడుతూ ఆలోచించమన్నారు. 2001లో దాని సిద్ధాంతం రాశారు. వాళ్లలో ఎక్కువమంది "ఎంత లాభం వస్తుంది" దగ్గర మొదలుపెట్టలేదు. "నా దగ్గర ఏముంది, నాకెవరు తెలుసు, పోతే ఎంత పోవచ్చు" దగ్గర మొదలుపెట్టారు. మీకు కావాల్సిన లెక్క ఆ మూడో ప్రశ్నే.

ఒక కాగితం చాలు. ఉదాహరణకి చేతిలో నిల్వ 4,00,000. ఇంటి ఖర్చు నెలకి 25,000 చొప్పున ఆరు నెలలకి 1,50,000 పక్కన పెట్టాలి. పిల్లల ఫీజులు 60,000. మిగిలింది 1,90,000. కట్టాల్సిన చీటీ వాయిదాలు ఉంటే అవీ తీసేయాలి. అక్కణ్నుంచి కిందికి దించి 1,50,000 అనుకుందాం. ఈ మొత్తం పూర్తిగా పోయినా ఇల్లు నడుస్తుంది. మొదటి ప్రయత్నం దీని లోపలే ఇమడాలి. ఇమడకపోతే ప్రయత్నాన్ని చిన్నది చేయాలి తప్ప బంగారం కుదువ పెట్టకూడదు.

అప్పు కూడా ఈ లెక్కలోకి రావాలి. పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) కింద తయారీ యూనిట్‌కి 50 లక్షల దాకా, సేవల యూనిట్‌కి 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టొచ్చు. సొంత వాటా జనరల్ వాళ్లకి 10 శాతం, ప్రత్యేక వర్గాలకి 5 శాతం. వాటా తక్కువ కదా అని పోయేదీ తక్కువే అనుకుంటారు. 8 లక్షల్లో సొంతం 80,000 అయినా వాయిదాలు మాత్రం బ్యాంకు అప్పు మీద వస్తాయి. సబ్సిడీ కూడా మొదట మూడేళ్లు బ్యాంకులోనే నిలిచి ఉంటుంది, చేతికి రాదు. ఈ ఒక్క వాక్యం బోర్డు మీద రాయండి.

ఇంకోటి: ఆపే గీత ముందే రాయించాలి. డబ్బు పెట్టాక మనిషి మనసు మారుతుంది. తన నిర్ణయం తప్పని ఒప్పుకోవడం కంటే ఇంకాస్త పెట్టడమే తేలిక అనిపిస్తుంది. స్టా అనే పరిశోధకుడు 1976లోనే దీన్ని ప్రయోగంలో చూపించారు: నష్టం తెచ్చిన నిర్ణయం తమదే అయితే జనం దానికి ఇంకా ఎక్కువ డబ్బు కేటాయించారు. అందుకే మొదటి రూపాయి పెట్టకముందే తేదీ, అంకె రెండూ రాయాలి. "మార్చి 31 నాటికి నెలకి 200 లీటర్లు నగదుకి అమ్ముడవకపోతే కొత్త మిషను కొనను." సంతకం. ఇంకొకరి సంతకం. "బాగా నడవకపోతే ఆపేస్తా" అన్నది గీత కాదు, అందులో అంకె లేదు.

సర్వేరాయి
పద్దుపుస్తకం గారు చెప్పిన దానికి అతి నమ్మకం సంగతి కలపాలి. 1988లో కూపర్, వూ, డంకెల్‌బర్గ్ అమెరికాలో 2,994 మంది కొత్త వ్యాపారుల్ని అడిగారు. తమ వ్యాపారం నెగ్గే అవకాశం పదిలో ఏడు లేదా అంతకంటే ఎక్కువ అన్నవాళ్లు 81 శాతం. పదికి పది అన్నవాళ్లు మూడో వంతు. మీలాంటి వేరేవాళ్ల వ్యాపారం సంగతేంటి అంటే, పదిలో ఏడు లేదా అంతకంటే ఎక్కువ ఇచ్చినవాళ్లు 39 శాతమే.

దీన్నే అభ్యాసం చేయండి, పది నిమిషాలే. ముందుగా "మీ మండలంలో గత ఐదేళ్లలో పెట్టిన గానుగలు ఎన్ని, ఇప్పుడు నడుస్తున్నవి ఎన్ని" అని రాయించండి. అది మడిచి పెట్టాక "మీది నడిచే అవకాశం ఎంత" అని రాయించండి. రెండూ పక్కపక్కన పెట్టండి. క్రమం తిరగేస్తే పనిచేయదు. ముందు తన అంకె రాసినవాళ్లు ఊరి లెక్కని దానికి తగ్గట్టు జరుపుతారు.

ఆ తర్వాత ముందస్తు శవపరీక్ష. గ్యారీ క్లైన్ 2007లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. "ఏడాది గడిచింది, గానుగ మూతపడింది, ఎందుకో రాయండి" అనాలి. "మూతపడొచ్చు" అనకూడదు, "పడింది" అనాలి. పడింది అన్నాకే మనసు కారణాలు వెతకడం మొదలుపెడుతుంది. ఐదు నిమిషాలు మౌనంగా, ఎవరికి వాళ్లు. వేరుశనగ ధర కోతల తర్వాత పెరిగింది, నూనె తీశాక మిగిలిన చెక్క కొనేవాడు దొరకలేదు, సీసాలకి మూత సరిపోక దారిలో కారింది, ఇలా వస్తాయి. లీటరు గానుగ నూనెకి రెండున్నర కిలోల దాకా పప్పు పడుతుంది కాబట్టి కిలోకి 10 రూపాయలు పెరిగితే లీటరు మీద 25 రూపాయలు పోతాయని ఆ కాగితం మీదే లెక్క తేలాలి.

తేలిన భయాల్లో పెద్దది తీసుకుని చిన్న పరీక్ష పెట్టించండి. ఇటలీలో 116 స్టార్టప్‌ల మీద కముఫో బృందం చేసిన ప్రయోగం 2020లో అచ్చయింది. అందరికీ ఒకే పాఠాలు చెప్పి, సగం మందికి మాత్రం తమ ఆలోచనని ఊహగా రాసుకుని, ముందే హద్దు పెట్టుకుని పరీక్షించడం నేర్పారు. వాళ్ల ఆదాయం ఎక్కువ వచ్చింది, దారి మార్చుకోవడమూ ఎక్కువే. మన గానుగకి: మిషను కొనకుండా వేరేవాళ్ల దగ్గర కూలికి 100 లీటర్లు ఆడించి అమ్మండి. ఆరు వారాల్లో మళ్లీ కొన్నవాళ్లు 40 శాతం దాటితే ముందుకి. చుట్టాలని లెక్కలో వేయకూడదు. ఉచితంగా పంచిన సీసా అమ్మకం కాదు. "చాలా బాగుంది" అన్నమాట అసలే లెక్క కాదు.

కారంగుళ్ల
30 మందిలో నలభై దాటినవాళ్లు ఉంటే, వ్యాపారం కుర్రాళ్ల పని అని వాళ్లు అనుకోకుండా ఒక్క మాట చెప్పండి. అమెరికాలో 27 లక్షల మంది వ్యవస్థాపకుల రికార్డులు చూస్తే, అతివేగంగా పెరిగిన కంపెనీలు పెట్టినవాళ్ల సగటు వయసు 45. అలాగే ఉద్యోగం చేస్తున్నవాళ్లని వెంటనే మానేయమనకండి. ఉద్యోగం ఉంచుకుని మొదలుపెట్టి, తర్వాత పూర్తిగా దిగినవాళ్ల వ్యాపారాలు మూతపడే అవకాశం, నేరుగా దూకినవాళ్ల కంటే మూడో వంతు తక్కువని రాఫీ, ఫెంగ్ 2014లో తేల్చారు.

కొట్టుకట్టు
పైన సర్దుకుపోయే గుణం తక్కువ అన్నారు. మన దగ్గర చిన్న వ్యాపారాన్ని ముంచేది అక్కడే, మొహమాటం దగ్గర. సరుకు బాగుంటుంది, రేటు బాగుంటుంది, బాకీ అడగలేరు. నాలుగో నెలకి ముడిసరుకు కొనడానికి డబ్బుండదు. ఇది స్వభావం, మారదు అని వదిలేయకండి. వారంలో మెరుగవుతుంది.

ముగ్గురేసి జట్లు. ఒకరు సరుకు వేసినవాళ్లు, ఒకరు కిరాణా కొట్టాయన, ఒకరు చూసి రాసేవాళ్లు. నాలుగు నిమిషాలు. కొట్టాయనకి చీటీ మీద మాటలు ఇచ్చేయండి: "సరుకింకా కదల్లేదమ్మా", "వచ్చే వారం చూద్దాం", "మీ నాన్నగారు మాకు బాగా తెలుసు, ఎక్కడికి పోతాం". అడిగేవాళ్లు చేయాల్సింది మూడే: అంకె చెప్పాలి, తేదీ అడగాలి, ఆ తర్వాత నోరు మూసుకోవాలి. "6,400 ఉందండీ. శుక్రవారం రానా, శనివారం రానా?" ఇంతే. ఆ మౌనం భరించలేక చాలామంది తామే "పోన్లెండి, ఉన్నంత ఇవ్వండి" అనేస్తారు. చూసేవాళ్లు టిక్కు పెట్టాల్సిన గడి అదే: మౌనాన్ని తామే చెరిపేశారా? రెండో విడతలో పాత్రలు మార్చండి. మూడో విడతకి గొంతులో తేడా వస్తుంది. గట్టిగా మాట్లాడమని మాత్రం నేర్పకండి, కొట్టాయన రేపు కూడా కావాలి.

దీనికి తోడు నియమం ఉంటే మనసుకి భారం తగ్గుతుంది. మొదటి సరుకు నగదు. తర్వాత, పాత బిల్లు తీరాకే కొత్త పెట్టె. నియమం కాగితం మీద అచ్చు వేయించి ఆర్డరు పుస్తకానికి అంటిస్తే "మా పద్ధతండీ" అని చూపించొచ్చు. కంపెనీలకి సరఫరా చేసే తయారీదార్లు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న యూనిట్లకి ప్రభుత్వ నమోదు) ముందే చేయించుకోవాలి. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్లకి కొనుగోలుదారు ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజుల లోపు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. వ్యక్తిత్వం ఎంత గట్టిదైనా పెద్ద కంపెనీ ముందు చట్టమే పనిచేస్తుంది.

పొదుపుసంఘం
సగం మంది ఆడవాళ్లు ఉంటారు కదా. ఉప్పుటేరు గారు చెప్పిన "నిర్ణయం ఎవరి చేతిలో" అన్నది వాళ్ల విషయంలో ఇంకా ముఖ్యం. భారత్, శ్రీలంక, ఘనాల్లో మహిళలకి ఇచ్చిన పెట్టుబడి వివరాలు తిరగేసి చూసిన పరిశోధన 2019లో వచ్చింది. ఆవిడ వ్యాపారం మీద లాభం కనిపించనిచోట, డబ్బు ఇంట్లో మగవాళ్ల వ్యాపారంలోకి వెళ్లింది. ఇంట్లో ఆవిడది ఒక్కటే వ్యాపారం అయినచోట లాభం స్పష్టంగా ఉంది. ఆడవాళ్లకి చొరవ లేదని రాసే ముందు డబ్బు ఎటు పోయిందో చూడాలి.

శిక్షణలో నాలుగో రోజు రెండు గంటలు ఇంటి నుంచి ఒకరిని పిలవండి. ఉపన్యాసం వద్దు. ఇద్దరూ కలిసి ఒక పేజీ నింపాలి: గల్లా డబ్బు ఎవరి దగ్గర, వారానికి ఇంటికి ఎంత తీసుకోవచ్చు, ఎంతకి మించితే అడగాలి, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా పిల్లల్ని ఎవరు చూస్తారు. అన్నిటికంటే ముందు, దుకాణంలో అంటించే క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాకి కట్టి ఉంటుంది? ఆయన ఫోనుకి వస్తే ఆ రోజు అమ్మకం ఎంతో ఆవిడకి సాయంత్రం దాకా తెలియదు. ఫలితం తెలియని మనిషి సాధన ప్రేరణ ఎన్నాళ్లు నిలుపుకుంటుంది?

చేవఉన్నచెక్క
ఈ చివరి మాట చాలా విలువైనది. రింగు పడిందో లేదో కనిపించకుండా తెర కట్టినట్టే అది.

ఉప్పుటేరు
ఆడవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి టోగో ప్రయోగం చెప్పాలి. కాకినాడ తర్వాత ఈ వరసలో నాకు అన్నిటికంటే గట్టి ఆధారంగా కనిపించేది అదే. రాజధాని లోమేలో 1,500 చిన్న వ్యాపారాలు. 500 చొప్పున మూడు గుంపులు, లాటరీ వేసి. ఒకరికి ఏమీ లేదు. ఒకరికి పద్దులు, మార్కెటింగ్ లాంటి మామూలు శిక్షణ. ఒకరికి చొరవ శిక్షణ: ఎవరో చెప్పేదాకా ఆగకపోవడం, ముందు రాబోయేది చూడటం, అడ్డంకి వస్తే దారి మార్చి వెళ్లడం. రెండు శిక్షణలూ 36 గంటలే, తర్వాత నాలుగు నెలలు నెలకోసారి శిక్షకుడు కొట్టు దగ్గరికి వెళ్లారు. రెండేళ్లకి పైగా గమనిస్తే చొరవ గుంపు లాభం 30 శాతం పెరిగింది. మామూలు శిక్షణ వాళ్లది 11 శాతం, అది కాకతాళీయం కాదని గణాంకాలు చెప్పలేకపోయాయి. చొరవ నేర్చిన మహిళల లాభం 40 శాతం పెరిగింది. 2017లో అచ్చయింది.

గదిలో చేయించడానికి దాని సారం ఇలా పెట్టొచ్చు. పచ్చళ్లవాళ్లు పది పోటీ సీసాలు కొని బల్ల మీద వరసగా పెట్టి, అన్నిటిలోనూ ఒకేలా ఉన్నవి రాయాలి. మీది దేంట్లో వేరు, దాన్ని కాపీ కొట్టడానికి పక్కవాళ్లకి ఎన్నాళ్లు పడుతుంది? వారమైతే అది తేడా కాదు. తర్వాత ఏడాది పటం: గుంటూరుకి కొత్త మిర్చి ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తుంది, వెనకే మామిడికాయ. డబ్బు రెండిటికీ దాదాపు ఒకేసారి కావాలి, అమ్మకం మాత్రం ఏడాది పొడవునా. ఆ డబ్బు ఏ నెల నుంచి పక్కన పెట్టాలో జనవరిలో ఆలోచిస్తే అప్పటికే ఆలస్యం.

కొట్టు దగ్గరికి వెళ్లి చూడటం మానేయకండి. నిధులు తగ్గితే ముందు కోత పడేది దానికే. శిక్షణలో రాసిన మూడు పనులు ఏమయ్యాయో మొదటి నెలలోనే అడిగితే ఇంకా సరిదిద్దే వీలుంటుంది.

శిక్షణగది
అందరికీ ధన్యవాదాలు. ఇలా సర్దాను. మొదటి రోజు రింగులాట, సొంతంగా ఉంచుకునే ప్రశ్నావళి. రెండో రోజు బొమ్మ కథలు. మూడో రోజు పోయినా ఫరవాలేని మొత్తం, ఆపే గీత, ముందస్తు శవపరీక్ష. నాలుగో రోజు ఇంటివాళ్లతో పేజీ, మధ్యాహ్నం బాకీ అడగడం. ఐదో రోజు పోటీ సీసాలు, ఏడాది పటం. ఆరో రోజు ఒక్కొక్కరి చిన్న పరీక్ష రాయడం. తర్వాత నాలుగు నెలలు నెలకోసారి చూసిరావడం. 30 మందికే పరిమితం, దరఖాస్తులు 70 దాకా రావచ్చు. ఫలితం కొలవాలంటే ఏం రాసుకోవాలి?

సర్వేరాయి
దరఖాస్తులు ఎక్కువ వస్తే ఎవరు మొదటి బ్యాచ్, ఎవరు ఆరు నెలల తర్వాత బ్యాచ్ అన్నది అందరి ముందు లాటరీ తీయండి. చురుగ్గా కనిపించినవాళ్లని మొదట తీసుకుంటే, తర్వాత తేడా శిక్షణదో వాళ్లదో ఎప్పటికీ తేలదు. రెండో బ్యాచ్ వాళ్లకీ అదే ఫారం ముందే నింపించండి.

ఇంత చిన్న గుంపులో లాభం తేడా తేలదు, అంకెలు పండగ నెలకోలా ఊగుతాయి. చర్యలు లెక్కపెట్టండి: గత 30 రోజుల్లో కొత్తగా అడిగిన కొనుగోలుదారులు ఎంతమంది, కొత్త సరఫరాదారు దగ్గర రేటు కనుక్కున్నారా, ధర మార్చారా, పెట్టుకున్న పరీక్ష అయిందా, 30 రోజులు దాటిన బాకీ ఎంత. ఐదు ప్రశ్నలు, ఫోన్లో నాలుగు నిమిషాలు. అడిగేవాళ్లు శిక్షణ ఇచ్చినవాళ్లు కాకూడదు, మాస్టారి మనసు నొప్పించలేక అన్నీ బాగున్నాయంటారు.

పొదుపుసంఘం
ఫోను చేసేది సాయంత్రం ఏడు తర్వాత అయితే ఆడవాళ్లు ఎత్తరు, వంట వేళ. పదకొండుకి చేయండి. నంబరు వాళ్లదేనా, ఇంట్లో ఇంకొకరిదా అన్నది దరఖాస్తులోనే రాయించుకోండి.